నానమ్మ చెప్పిన ‘డాక్టరు సిస్టరమ్మ’ ఎవరు? కన్యస్త్రీలు కాన్పులు చేయడం అప్పట్లో నిషేధమా?

గుంటూరు మనవడు:
అందరికీ నమస్కారం. మా పెదనాన్న 1938లో గుంటూరు జోసెఫ్ ఆస్పత్రిలో పుట్టారనీ, కాన్పు కష్టమైతే తెల్లబట్టల దొరసాని సిస్టరమ్మ ఒకావిడ దగ్గరుండి పురుడు పోసిందనీ మా నానమ్మ బతికున్నంతకాలం చెప్పేది. మొన్న ఒక పెళ్లిలో ఈ ప్రస్తావన వస్తే, మా బంధువుల్లో ఒక పెద్దాయన “ఆవిడ కుగ్లర్ దొరసాని అయి ఉంటుంది, సిస్టర్లు నర్సులే గానీ డాక్టర్లు కారు” అని తీసిపారేశారు. ఇంకొకరు, కన్యస్త్రీలు కాన్పులు చేయకూడదని రోములో నిషేధమే ఉండేదని అన్నారు. మేము కథోలికులం కాము కనుక ఈ విషయాలు మాకు బొత్తిగా తెలియవు. నానమ్మ మాటలో నిజమెంతో తెలిసినవారు చెప్పగలరా?

చరిత్ర మాస్టారు:
మీ నానమ్మగారి మాటను తీసిపారేయవలసిన పని లేదు. ఆనా కుగ్లర్ గారు 1883లో గుంటూరుకు వచ్చిన అమెరికా లూథరన్ మిషనరీ డాక్టరు. ఆమె కథోలిక కన్యస్త్రీ కారు, పైగా 1930లోనే కన్నుమూశారు. ఒకే ఊళ్లో రెండు మిషను ఆస్పత్రులు, రెండింట్లోనూ విదేశీ వైద్యురాళ్లు ఉండేసరికి మనవాళ్ల జ్ఞాపకాల్లో ఇద్దరూ కలిసిపోవడం సహజమే.

మీరు చెప్పే కాలానికి సెయింట్ జోసెఫ్స్ ఆస్పత్రిలో ఉన్న డాక్టరు మేరీ గ్లౌరీ. జె.ఎం.జె. (జీసస్ మేరీ జోసెఫ్) అనే కన్యస్త్రీల సభలో చేరాక ఆమె పేరు సిస్టర్ మేరీ ఆఫ్ ద సేక్రెడ్ హార్ట్. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 1887లో పుట్టి, మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో 1910లో వైద్యపట్టా పుచ్చుకొని, 1919లో ఎం.డి. కూడా పూర్తిచేసి, చక్కగా సాగుతున్న ప్రాక్టీసును వదులుకొని 1920 ఫిబ్రవరిలో గుంటూరు చేరారు. ఆమె మనసు ఇటు మళ్లడానికి కారణం 1915లో చదివిన ఒక చిన్న పుస్తకం. అది ఆగ్నెస్ మెక్లారెన్ అనే స్కాట్లండు వైద్యురాలి గురించినది. పరదా చాటున బతికే స్త్రీలు మగ డాక్టరు ఎదుటికి రాలేక వైద్యానికే దూరమవుతున్నారని గ్రహించిన మెక్లారెన్, రావల్పిండిలో స్త్రీలకూ పిల్లలకూ ఆస్పత్రి పెట్టించడమే కాక, వైద్యం చదివిన కన్యస్త్రీలు కావాలంటూ రోముకు పదేపదే మొరపెట్టుకున్నారు.

నిషేధం సంగతి చెప్పిన మీ బంధువు కూడా ఊరికే అనలేదు. 1917 నాటి శ్రీసభ (కథోలిక చర్చి) చట్టంలో 139వ నిబంధన, రోము ప్రత్యేక అనుమతి లేనిదే గురువులు, అంటే ఫాదర్లు, వైద్యం, శస్త్రచికిత్స చేయరాదన్నది. 592వ నిబంధన అదే కట్టుబాటును మఠవాసులకూ వర్తింపజేసింది. అందువల్ల గ్లౌరీ గారు మఠంలో ఉంటూ వైద్యం చేయడానికి పదిహేనవ బెనెడిక్ట్ పోపుగారి నుంచి విడిగా అనుమతి తేవలసి వచ్చింది. కన్యస్త్రీలు ప్రసూతి వైద్యంతో సహా వైద్యవృత్తి చేపట్టవచ్చునని రోము అందరికీ వర్తించేలా చెప్పినది 1936 ఫిబ్రవరిలో, అంటే ఆమె గుంటూరుకు వచ్చిన పదహారేళ్లకు. సిస్టర్ల సేవను పొగిడేవాళ్లు జాలి, కరుణ అనే మాటల దగ్గరే ఆగిపోతారు గానీ, ఆ సేవ చేయనివ్వమని సొంత శ్రీసభనే ఒప్పించవలసి వచ్చిన సంగతి నాకు అంతకంటే పెద్దదిగా తోస్తుంది.

అయితే మీ పెదనాన్నగారికి పురుడు పోసినది ఆమేనని నేను గట్టిగా చెప్పలేను. ఇక్కడి ఆడపిల్లలకు మంత్రసాని పని, కంపౌండరు పని, నర్సింగు ఆమె దగ్గరుండి నేర్పించారు కనుక సాధారణ కాన్పులు వాళ్ల చేతుల మీదుగానూ జరిగి ఉండవచ్చు. కష్టమైన కాన్పు, దొరసాని, డాక్టరు అన్న మూడు గుర్తులూ కలుస్తున్నాయి కాబట్టి నేనైతే నానమ్మగారినే నమ్ముతాను.

గుంటూరు మనవడు:
మాస్టారూ, చాలా సంతోషం. ఇంకొక్క సందేహం. అంత చదివిన మనిషికి జీతం ఉండేదా? ఇప్పుడు ఎయిడెడ్ కాలేజీల్లో పాఠాలు చెప్పే సిస్టర్లు ప్రభుత్వ జీతం తీసుకుంటారు కదా, ఆ డబ్బు ఎవరిది?

సిస్టరుగారి మేనకోడలు:
మా మేనత్త మఠంలో ఉన్నారు కనుక ఇది నేను చెప్పగలను. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అని వాళ్లకు మూడు వ్రతాలు. సిస్టరు తన శ్రమతో సంపాదించినది సభకే చెందుతుందని శ్రీసభ చట్టమే చెబుతుంది కాబట్టి జీతం మఠం ఖాతాకు పోతుంది. తిండి, బట్ట, మందు, ముసలితనం అన్నీ మఠమే చూసుకుంటుంది. మా అత్త మా ఇంటికి వచ్చినప్పుడు బస్సు టికెట్లు కూడా పారేయక పర్సులో మడిచిపెట్టుకుంటారు, తిరిగి వెళ్లి లెక్క అప్పజెప్పాలి కదా.

ఈ జీతాల మీద పెద్ద వ్యాజ్యమే నడిచింది. చేతికి రాని డబ్బుకు పన్ను ఏమిటని తమిళనాడు, కేరళ నుంచి వెళ్లిన 93 అప్పీళ్లను సుప్రీంకోర్టు 2024 నవంబరు 7న కొట్టివేసి, జీతం మొదట ఆ వ్యక్తికే వచ్చినట్టు లెక్క, తరువాత దాన్ని ఎవరికిచ్చినా టీడీఎస్, అంటే జీతంలోంచి ముందే కోసుకునే పన్ను, తప్పదన్నది. తీర్పు సబబేనని నా అభిప్రాయం, మా అత్త మాత్రం ఒప్పుకోరు.

రిటైరయిన నర్సు:
నేను హిందువునే, ఒక మిషను ఆస్పత్రిలో సిస్టర్ల దగ్గర పని నేర్చుకున్నాను. వాళ్లతో పనిచేయడం తేలికేమీ కాదు. మంచం దుప్పటి మూల సరిగ్గా మడవలేదని మా వార్డు సిస్టరు రాత్రి రెండింటికి నన్ను లేపుకొచ్చి మళ్లీ వేయించారు, ఆ కోపం నాకు చాలాకాలం పోలేదు. విధేయత అంటే ఏమిటో మాత్రం ఆవిడకు బదిలీ అయిన రోజున చూశాను. పదకొండేళ్లు నడిపిన వార్డును వదిలిపెట్టమని మంగళవారం ఉత్తరం వచ్చింది, గురువారం తెల్లవారుజాము బస్సుకు ఒక్క రేకు పెట్టెతో వెళ్లిపోయారు. పోయేముందు నా చేతిలో తాళాల గుత్తి పెట్టారు. మందుల బీరువా తాళానికి ఎర్రదారం, దుప్పట్ల అలమరకు తెల్లదారం, కాన్పుల గదికి పచ్చదారం కట్టి ఉన్నాయి. రాబోయే సిస్టరుకు తెలుగు చదవడం రాదట, అందుకని బుధవారం రాత్రి కూర్చొని కట్టారట.