పునాదుల్లో రాగిరేకులు దొరికాయి, ఏటి చెయ్యాలి? (కాశీనగర్ దగ్గర)

కిమిడి_కుర్రోడు:
అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా, కాశీనగర్ దగ్గర వంశధార పక్కనున్న ఊరు. మా పెదనాన్న పాత మట్టిల్లు పడగొట్టి స్లాబు వేద్దామని పునాదులు తీయిస్తుంటే నడుం లోతులో ఒక మట్టి ముంత పగిలి అందులోంచి మూడు రాగిరేకులు బయటపడ్డాయి, మూడింటికీ కలిపి ఒకటే కడియం, దాని మీద ముద్ర ఏదో ఉంది గానీ మట్టి పట్టీసి బొమ్మ తెలీట్లేదు. మేస్త్రి బంగారమేమో అని ఒక అంచు ఇటుకతో గీకీసాడు, ఎర్రగా రాగే తేలింది. అక్షరాలు నిండా ఉన్నాయి, తెలుగు కాదు ఒడియా కాదు.

ఇప్పుడు ఇంట్లో తలో మాట. పెద్దమ్మ చింతపండేసి తోమి దేవుడి గూట్లో పెడతానంటాది. మా బావేమో బరంపురంలో ఇలాంటివి కొనేవోళ్ళు ఉన్నారంటాడు. పెదనాన్న ఎవరికీ చెప్పొద్దు, చెప్తే ఇల్లు ఆపీస్తారు అని ఒకటే గొడవ. రేకులు తడి గోనెసంచిలో చుట్టి పెట్టారు. ఒక మూల లేత ఆకుపచ్చ పొడి రాలతంది, అది తుడిచీమంటారా? అసలు ఎవరికి చెప్పాలి?

వంశధార_గట్టు:
బాబూ, ముందు మీ పెద్దమ్మగారి చేతిలోంచి చింతపండు లాక్కో, మిగతావన్నీ తర్వాత.

నువ్వు చెప్పినదాన్ని బట్టి అది తామ్రశాసనమే, అంటే రాజులు రాగిరేకుల మీద చెక్కించిన దానపత్రమే అయ్యుంటాది. మన ప్రాంతంలో తూర్పు గంగరాజులవి చాలా దొరికాయి, పర్లాకిమిడి చుట్టుపక్కల కూడా. వాళ్ళ రాజధాని కళింగనగరం అంటే మన ముఖలింగమే అని ఎక్కువమంది పండితుల మాట, మీ ఊరికి ఎంత దూరమని. ఈ శాసనాలు ఎక్కువగా మూడు రేకులుంటాయి, మొదటిదానికీ ఆఖరిదానికీ బయటివైపు ఖాళీగా వదిలేసి రాతంతా లోపలివైపు చెక్కుతారు, అక్షరాలు ఒరుసుకోకుండా అంచులు కొంచెం ఎత్తుగా ఉంచుతారు, కడియం ముద్ర మీద నంది ఉంటాది చాలావాటికి. మట్టి కింద ఆ నందే ఉందేమో చూసే ఆత్రం నాకూ ఉంది గానీ గోరుతో కూడా గీకొద్దు.

లోపల రాసేది భూదానం. ఏ ఊరు ఎవరికిచ్చారు, ఆయన గోత్రమేటి, తూర్పు హద్దు ఏ చెట్టు, పడమర ఏ పుట్ట, ఏ చెరువు, గంగశకం (ఆ రాజుల సొంత ఏళ్ళ లెక్క) ఎన్నో ఏడు, అన్నీ ఉంటాయి. అందుకే ఎక్కడ దొరికిందన్నది రేకంత ముఖ్యం. ఆ హద్దులు పట్టుకుని ఊరు పోల్చాలంటే దొరికిన చోటు తెలియాలి కదా. మీ బావ బరంపురంలో అమ్మీసాడంటే అది ఎక్కడిదో ఎవడికీ తెలీని రాగిముక్క అయిపోతాది. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ ముఖలింగం గుడి శాసనాలు చదవాలని ఆ పాత లిపులు సొంతంగా నేర్చుకున్నారు. అలాంటి ఊరి పక్కనుండి మనం చింతపండు పెట్టి తోమడమేటి!

రేకు_వైద్యం:
నేను భువనేశ్వర్‌లో లోహాల కన్జర్వేషన్, అంటే పాత లోహ వస్తువులు చెడకుండా కాపాడే పని చేస్తాను. పైన వంశధార_గట్టు గారు చెప్పినవన్నీ సరే, కానీ నాకు కంగారు ఆ లేత ఆకుపచ్చ పొడి గురించే. రాగి మీద ముదురు ఆకుపచ్చ పొర గట్టిగా అంటుకుని ఉంటే అది పాతబడిన పొర, దానివల్ల నష్టం లేదు, నిజానికి చాలాసార్లు అక్షరం అంచు నిలిచేది ఆ పొరలోనే. చింతపండు పులుపు తినేది ముందు దాన్నే, దాంతోపాటు అక్షరాలూ పోతాయి. కానీ పొడిపొడిగా రాలతా చుక్కలు చుక్కలుగా గుంటలు పడుతుంటే దాన్ని బ్రాంజ్ డిసీజ్ అంటాం. మట్టిలోని ఉప్పు, అంటే క్లోరైడ్, వందల ఏళ్ళు లోహంలోకి దిగి కూర్చుంటాది, బయటికి తీశాక తేమా గాలీ తగిలిందంటే మళ్ళీ పని మొదలెడతాది, రాగి తిన్నకొద్దీ ఇంకా తింటాది. నువ్వేమో తడి గోనెలో పెట్టావు. ఇవ్వాళే తీసేయ్.

నీడలో, గాలి ఆడేచోట ఆరనీ. ఎండలో వద్దు, హెయిర్ డ్రయర్ వద్దు, కుళాయి నీళ్ళతో కడగడం అసలే వద్దు ఎందుకంటే అందులోనూ క్లోరిన్ ఉంటాది. మందుల షాపులో గ్లౌజులు కొని వేసుకుని పట్టుకో, చెమట కూడా ఉప్పే. బాగా ఆరాక బిగుతు మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టు, నీలం రంగు గుళికలైతే తేమ పీల్చాక గులాబీకి తిరుగుతాయి, అప్పుడు మార్చీయొచ్చు. చెక్క బీరువాలో పెట్టొద్దు, చెక్కలోంచి వచ్చే ఆవిర్లు లోహానికి మంచివి కావు, దేవుడి గూట్లో అయితే కర్పూరం పొగ, కుంకం, నూనె. రాలిన పొడి తుడవకు, ఫోటో తియ్యి. కడియం మటుకు ఎట్టి పరిస్థితిలో కొయ్యొద్దు. పాతకాలంలో శాసనం చదివే పండితులు కూడా రేకులు తమ దగ్గరికొచ్చేసరికి కడియం తెగి ఉందా లేదా అని ప్రత్యేకంగా రాసుకునేవాళ్ళు, తెగకపోతేనే మూడు రేకులూ ఒకే శాసనానివని గట్టిగా చెప్పగలిగేది. ముంత పెంకులు, అందులోని మట్టి కూడా విడిగా కవర్లో దాచు, పారబొయ్యకండి.

ల్యాబ్‌లో మేము చేసేది మెరిపించడం కాదు. మైక్రోస్కోప్ కింద సన్నటి బ్లేడుతో మట్టి కొంచెం కొంచెం తీస్తాం, తర్వాత స్పిరిట్‌లో కలిపిన బెంజోట్రయజోల్‌లో నానబెడతాం, అది రాగికి పట్టుకుని తుప్పుని ఆపుతాది, ఆఖర్న పారలాయిడ్ బి-72 అనే రెజిన్ పూత, అది అసిటోన్‌తో ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసీయొచ్చు. ఇవి యూట్యూబ్ చూసి ఇంట్లో చేసేవి కావు, బెంజోట్రయజోల్ ఒంటికి మంచిది కాదు. అక్షరాల అచ్చు తీసి చదివేవాళ్ళు వేరే, ఏఎస్ఐ (కేంద్ర పురావస్తు శాఖ) వాళ్ళ ఎపిగ్రఫీ, అంటే శాసనాలు చదివే విభాగం మైసూరులో ఉంది. ఇక్కడ ఒడిశా స్టేట్ మ్యూజియం, దాని ఆవరణలోనే ఇంటాక్ (వారసత్వ సంపదని కాపాడే సంస్థ) వాళ్ళ కన్జర్వేషన్ సెంటర్ ఉన్నాయి.

లెక్క_తేల్చు:
బాగుంది బాబూ, అన్నీ చెప్పారు, చివరికి ఆ రేకులు ఏదో గోడౌన్లో మూలన పడతాయి, దొరికినోడికి ఒక టీ కూడా ఇవ్వరు. ఫోటోలు తీసుకుని బావ మాట వినమ్మా.

కోర్టు_గేటు:
పైనోడి మాట విన్నావంటే జైలు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ (భూమిలో దొరికిన నిధుల) చట్టం ఇంకా నడుస్తంది. భూమిలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే (బ్రిటిషోడి పది రూపాయలు, ఎవరూ మార్చలేదు) ఏం దొరికింది, ఎక్కడ, ఏ తేదీన అని కలెక్టరుకి రాసివ్వాలి, వస్తువుని దగ్గర్లోని ట్రెజరీలో అప్పజెప్పాలి లేదా అడిగినప్పుడు చూపిస్తామని హామీ ఇవ్వాలి. దాచితే ఏడాది దాకా జైలు, వాటా కూడా పోతాది. అవును, వాటా ఉంది. సొంతదారు ఎవరూ తేలకపోతే, మధ్యలో వేరే ఒప్పందం లేకపోతే నాలుగు వంతుల్లో దొరికినోడికి మూడు, స్థలం వాళ్ళకి ఒకటి. ప్రభుత్వం తీసుకోవాలనుకుంటే లోహం విలువా, దాని మీద అయిదోవంతూ కలిపి ఇస్తాది. రాగి కాబట్టి ఆశ పెట్టుకోకండి, అది వేరే సంగతి. దొరికినోడు అంటే గునపం పట్టినోడే అని రేపు మేస్త్రి అనొచ్చు, కాబట్టి కూలోళ్ళ పేర్లు కూడా రాయండి. ఇక బావగారికి, 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా పురావస్తువుల వ్యాపారం నేరం.

ఇల్లు ఆపీస్తారన్న భయానికి ఆధారం లేదు. వంద మీటర్ల లోపు ఇల్లు కట్టకూడదన్న నిషేధం ప్రభుత్వం రక్షితమని ప్రకటించిన పాత కట్టడాల చుట్టూనే. మీ పెరడుని అలా ప్రకటించాలంటే ముందు నోటీసు ఇచ్చి అభ్యంతరాలకి రెండు నెలలు టైం ఇవ్వాలి. మహా అయితే వచ్చి గొయ్యి చూసుకుంటారు. అప్పటిదాకా ఆ మూల మాత్రం తవ్వకండి.

కిమిడి_కుర్రోడు:
గోనెలోంచి తీసీసాం, వసారాలో ఆరుతున్నాయి. సిలికా జెల్ పర్లాకిమిడిలో దొరకదేమో, కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే పొట్లాలు పనికొస్తాయా? ఇంకోటి, దరఖాస్తు తెలుగులో రాస్తే తీసుకుంటారా?

రేకు_వైద్యం:
ఆ పొట్లాలు ఎప్పుడో తేమ పీల్చీసుంటాయి, వాటిని నమ్ముకోకు. కెమెరా రిపేర్ షాపులో అడుగు.

వంశధార_గట్టు:
ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాయించు నాయనా, హైస్కూల్ ఒడియా మాస్టార్ని పట్టుకుంటే అరగంట పని. ఫోటోలు అంటించు, పక్కన స్కేలు పెట్టి తీసినవి. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద స్టాంపు, తేదీ వేయించుకో. నువ్వొక్కడివీ కాదు, పెదనాన్నని కూడా తీసుకెళ్ళు, స్థలం ఆయనది కాబట్టి సంతకం ఆయనే పెట్టాలి.