ట్రయల్ పీస్ కుట్టాలా, నేరుగా అసలు గుడ్డే కత్తిరించాలా?

కొత్తకుట్టు:
మన బట్టలు మనమే కుట్టుకునేటప్పుడు ఫిట్ తప్పడం మామూలే. ఆ తప్పుల నుంచి త్వరగా నేర్చుకునే దారి ఏది? ముందు పాత గుడ్డతో ట్రయల్ పీస్ కుట్టి చూడమని కొందరంటారు. అసలు గుడ్డే కత్తిరించి తొడుక్కుంటేనే వస్తుందని ఇంకొందరంటారు. మీరు ఎటువైపో కారణంతో సహా చెప్పండి.

నిలువుపోగు:
నేను ట్రయల్ పీస్ వైపే. కత్తెర పడ్డాక గుడ్డ వెనక్కి రాదు. సైడ్లు లూజైతే బిగించుకోవచ్చు, టైటైతే మార్జిన్ (కుట్టు బయట వదిలిన గుడ్డ) ఉన్నంతవరకు విప్పుకోవచ్చు. చంక లోతుగా తెగిందా, మెడ వెడల్పుగా తెగిందా, ఇక అతుకే గతి. పాత దుప్పటి మీదైతే ధైర్యంగా కోసేయొచ్చు. టైటైన చోట చీల్చి, మధ్యలో ఇంకో ముక్క పిన్నులతో పెట్టి, ఎంత విడిందో కొలిచి ప్యాటర్న్ (కత్తిరింపు ఆకారం గీసిన కాగితం) మీదికి ఎక్కించుకోవచ్చు. కాలరు, జేబులు ఏవీ అక్కర్లేదు. ముందు, వెనక, ఒక చెయ్యి చాలు. మిషన్ మీద పెద్ద కుట్టు పెడితే విప్పడమూ తేలికే.

సూదిదారం:
నిలువుపోగు గారూ, దుప్పటి గుడ్డ చెప్పేది దుప్పటి గుడ్డ సంగతే కదండీ. జారుడు రేయాన్‌ టాప్‌కి బిరుసు కాటన్‌తో ట్రయల్ చూస్తే, అసలు బట్టలో రాని ముడతలు కనిపిస్తాయి. బరువుకి కిందికి జారే గుణం మాత్రం బయటపడదు. సాగే నిట్ అయితే మరీను, అందులో బట్ట కొలత ఒంటి కొలత కన్నా తక్కువే పెట్టొచ్చు. పైగా ట్రయల్ పీస్ వేసుకుని అద్దం ముందు నిటారుగా నిలబడతాం. తప్పు బయటపడేది కూర్చున్నప్పుడు, పై అరలోంచి డబ్బా తీసేటప్పుడు. అందుకే చవక గుడ్డతో రోజంతా వేసుకోదగ్గ బట్టే కుట్టమంటాను. సైడ్లలో 2.5 సెం.మీ. మార్జిన్ వదిలితే సరి.

అద్దంముందు:
ట్రయలా, అసలా అన్నదానికన్నా తప్పు కనిపించాక ఏం చేస్తున్నామన్నది ముఖ్యం. ఎక్కువమంది చెయ్యి నేరుగా సైడ్ కుట్టు మీదికే పోతుంది. ఒక్కో సైడ్ అర సెంటీమీటరు లోపలికి కుడితే, ముందూ వెనకా కలిపి చుట్టుకొలతలో 2 సెం.మీ. పోతుంది. అంత తగ్గించే ముందు ముడత ఎటు చూపిస్తోందో చూడండి. చంక నుంచి ఛాతీ వైపు ఏటవాలుగా లాగుతుంటే అక్కడ గుడ్డ చాలలేదని. ప్యాటర్న్‌లో అక్కడ గుడ్డ పెంచి, దానికి తగ్గట్టు డార్ట్ (ఒంటి ఆకారం రావడానికి మడిచి కుట్టే కోణపు మడత) పెద్దది చేయాలి. మెడ పక్క నుంచి చంక వైపు జారే ముడతలైతే భుజం వాలు ప్యాటర్న్‌లో కన్నా ఎక్కువని; భుజం చివర దించి, దించినంత చంకనూ దించాలి. వెనక నడుము పైన అడ్డంగా మడత కూర్చుంటే అక్కడ పొడవు ఎక్కువైంది, సైడ్లు ఎంత బిగించినా అది పోదు.

ఇంకొకటి, చంక. చెయ్యి ఎత్తితే చొక్కా అంతా పైకి లేస్తోందని చంకను ఇంకా కిందికి కోస్తారు. దాంతో ఇబ్బంది పెరుగుతుందే తప్ప తగ్గదు. చంక దిగేకొద్దీ సైడ్ కుట్టు పొట్టిదై, చెయ్యి లేచినప్పుడల్లా బట్టను వెంట లాక్కుపోతుంది. చంక ఒంటికి దగ్గరగా, పైకి ఉంటేనే చెయ్యి హాయిగా కదులుతుంది. చేతి ముక్క పైన భుజానికి అతికే గుండ్రటి భాగం ఎత్తు తగ్గించినా కదలిక వస్తుంది కానీ, చెయ్యి దించినప్పుడు చంక దగ్గర ముడతలు మిగులుతాయి.

నిలువుపోగు:
సూదిదారం గారూ, బరువూ జారుడూ దగ్గరగా ఉన్న గుడ్డే ట్రయల్‌కి తీసుకోవాలి, ఒప్పుకుంటాను. ట్రయల్ పీస్‌తోనూ కూర్చోవచ్చు, వంగొచ్చు. కానీ చంక సంగతి చదివాక నా పట్టు ఇంకా పెరిగింది. చంక పైకి జరపాలంటే గుడ్డ ఉండాలి, కోసేసిన చొక్కాలో అదెక్కడిది?

సూదిదారం:
అందుకే చంకను మొదట కాస్త పైకే గీసి కోయాలి. పట్టేస్తే కొంచెం కొంచెంగా దించుకోవచ్చు. ఒక్కో చొక్కాకి ఒక్క మార్పే చెయ్యండి, అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల కుదిరిందో తెలియదు. తేదీ వేసి ప్యాటర్న్ కాగితం మీదే రాసుకోండి. కోసే ముందు గుడ్డ తడిపి ఆరేయడం మరవకండి. లేకపోతే మొదటి ఉతుకులో కుంచించుకుపోయిన చొక్కాను చూసి, సరిగ్గా ఉన్న ప్యాటర్న్‌ను మార్చేస్తారు.