నమ్మకం సడలినవాడు పీఠం ఎక్కవచ్చునా? అజార్య నిర్ణయం మీద చర్చ

పెన్న ఒడ్డు (అనంతపురం):

అమెరికా తత్త్వవేత్త రెబెక్కా న్యూబర్గర్ గోల్డ్‌స్టీన్ 2010లో ప్రచురించిన ‘దేవుడు ఉన్నాడనడానికి 36 వాదనలు’ అనే ఆంగ్ల నవలను ఈ వేదికలో చాలామంది మెచ్చుకున్నారు. కథానాయకుడు కాస్ సెల్ట్‌జర్ మతాన్ని మనస్తత్వశాస్త్రం వైపు నుంచి పరిశీలించే అధ్యాపకుడు. నాస్తికుడే అయినా భక్తుల మనసు తెలిసినవాడని పేరు పొందినవాడు. నా ప్రశ్న అతని గురించి కాదు, అజార్య గురించి. న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ వాల్డెన్ అనే కల్పిత గ్రామంలో కట్టుబాట్ల మధ్య బతికే యూదు హసీదీ సమాజానికి గురువైన రెబ్బే కొడుకు అతను. ఆరేళ్ల వయసులో, ఎవరూ నేర్పకుండానే, ప్రధాన సంఖ్యలకు అంతం లేదని గ్రహిస్తాడు. పెద్దయ్యాక ఎంఐటీ విశ్వవిద్యాలయంలో గణితం చదివే అవకాశం వస్తుంది. అంతలో తండ్రి పోతాడు. నమ్మకం సడలిన ఆ కుర్రవాడు చదువు వదులుకుని తండ్రి పీఠం ఎక్కుతాడు.

దీన్ని త్యాగమని పొగడడం నాకు మింగుడు పడలేదు. మన గోరాగారు వృక్షశాస్త్ర అధ్యాపకులుగా ఉంటూ తన నాస్తికత్వాన్ని దాచుకోలేదు, అందుకు కాకినాడలో ఉద్యోగమే పోగొట్టుకున్నారు. అయినా మాట మార్చుకోలేదు, 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. అలాంటి మనిషిని ఎరిగిన మనం, మనసులో ఒకటి పెట్టుకుని జనానికి మరొకటి చెప్పే గురువును ఎలా గౌరవించగలం?

కటారుపల్లె దారి (కడప):

మీ ఆవేదన నాకు అర్థమైంది గాని, మీ వాదనలో చెప్పకుండా వదిలేసిన ఊహ ఒకటి ఉంది. న్యూ వాల్డెన్ నమ్మకానికి నిలయమనీ, విశ్వవిద్యాలయం స్వేచ్ఛకు నిలయమనీ, అజార్య రెండోదాన్ని కాదని మొదటిదానికి లొంగిపోయాడనీ మీరు ముందే నిశ్చయించుకున్నారు. నవల అలా చెప్పదు. కాస్ విద్యార్థిగా ఉన్నప్పుడు అతని గురువు జోనాస్ ఎలైజా క్లాపర్ అనే మహా ఆచార్యుడు. ఆయన చుట్టూ శిష్యులు ఏళ్ల తరబడి సిద్ధాంతగ్రంథం పూర్తికాకుండానే తిరుగుతుంటారు. ఆయన నోటి నుంచి వచ్చిన ప్రతి మాటలోనూ ఏదో గూఢార్థం ఉందని వెతుకుతారు, ఎదురు ప్రశ్న వేయడానికి జంకుతారు. రెబ్బే ముందు చేతులు కట్టుకుని నిలబడే భక్తులకూ వీళ్లకూ తేడా ఎంత? రచయిత్రి ఈ ఇద్దరు గురువులను ఎదురెదురుగా కూర్చోబెట్టింది ఊరికే కాదు. పరిశోధన చేసి పట్టా పుచ్చుకున్న మనలో ఎంతమందిమి మార్గదర్శకుడి అభిప్రాయం తప్పని తెలిసీ దాన్నే మన అధ్యాయంలో రాసి సంతకానికి పంపలేదు? ఆ అబద్ధాన్ని మర్యాద అంటున్నాం, అజార్య మౌనాన్ని మాత్రం మోసమంటున్నాం.

ఆ పిల్లవాడు గ్రహించిన విషయాన్నే కొంచెం దగ్గరగా చూడండి. ప్రధాన సంఖ్యలు 13తో అయిపోయాయని అనుకుందాం. 2, 3, 5, 7, 11, 13 అన్నిటినీ గుణించి ఒకటి కలిపితే 30031 వస్తుంది. దాన్ని ఆ ఆరింటిలో దేనితో భాగించినా ఒకటి మిగులుతుంది. 30031 ప్రధాన సంఖ్య కాదు, 59ని 509తో గుణిస్తే వచ్చేది. అయితే ఆ రెండూ మన జాబితాలో లేవు, అంటే మనం వదిలేసినవి ఉన్నాయన్నమాట. జాబితా ఎంత పెద్దదైనా ఇదే జరుగుతుంది. దీన్ని ఒప్పుకోవడానికి రెబ్బే ఆజ్ఞా అక్కరలేదు, ఆచార్యుడి సిఫారసూ అక్కరలేదు. అజార్య సంఖ్యలను దేవదూతలని పిలుస్తాడు. ఊరివాళ్లకు అది దైవస్తుతిగా వినిపిస్తుంది, కాస్‌కు శుద్ధ గణితంగా వినిపిస్తుంది, నిరూపణ మాత్రం ఇద్దరికీ ఒక్కటే. కాబట్టి అతను పీఠం ఎక్కినందువల్ల సత్యాన్ని వదులుకున్నాడని అనడం సరికాదు. వదులుకున్నది ఒక వృత్తిని, ఆ వృత్తి ఇచ్చే సహచరులను. అది చిన్న నష్టమని నేను అనను. ఆ పుటలు చదువుతుంటే నాకు కడుపు తరుక్కుపోయింది.

మా జిల్లాలో ప్రొద్దుటూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక అర్చకుల కుర్రవాడు నా దగ్గర ఎమ్మెస్సీ గణితం చదివాడు. పరిశోధనకు ఇచ్చే జేఆర్ఎఫ్ వేతనం వచ్చాక తండ్రి కాలం చేస్తే, దాన్ని వదులుకుని గుడికి వెళ్లిపోయాడు. నమ్మకం ఉండే చేస్తున్నావా అని అడిగితే, “ఊళ్లోవాళ్లు నా నమ్మకం చూడడానికి రారు సార్, వాళ్ల పేరున, గోత్రాన అర్చన చేయించుకోవడానికి వస్తారు” అన్నాడు. ఆ మాటలో నాకు కపటం కనిపించలేదు.

తుంగభద్ర (కర్నూలు):

మీ శిష్యుడి మాట నిజమే గాని, అర్చకుడూ రెబ్బే ఒకటి కాదండీ. అర్చకుడు ఎవరి పెళ్లినీ నిర్ణయించడు. హసీదీ సమాజాల్లో పెళ్లి, వైద్యం, వ్యాపారం, పిల్లల చదువు అన్నిటికీ రెబ్బే సలహా అడుగుతారు, ఆ సలహాను దైవవాక్యంగా తీసుకుంటారు. అంత అధికారం చేతిలో ఉన్నవాడి సందేహం సొంత విషయం ఎలా అవుతుంది? పైగా పీఠం చాలా బలమైనది. రాళ్లకు మొక్కడాన్ని తిట్టిన వేమనకే కటారుపల్లెలో సమాధి కట్టి పూజలు చేస్తున్నాం. అజార్య సందేహం కూడా ఒక తరం గడిచేసరికి మహిమగా మారిపోతుంది.

కటారుపల్లె దారి (కడప):

తుంగభద్రగారు అడిగినదే ఈ చర్చలో అసలు ప్రశ్న. రెబ్బే చేతిలో ఉన్న అధికారం అర్చకుడికి లేదన్నది కాదనలేని మాట. అందుకే పెన్న ఒడ్డుగారి నిజాయితీ కొలతను నేను మరో చోట పెడతాను. అజార్య లోపల ఏం నమ్ముతున్నాడన్నది కాదు, బయటికి వెళ్లాలనుకున్నవారిని ఏం చేస్తాడన్నది చూడాలి. కాస్ తల్లి ఆ సమాజంలోనే పుట్టి బయటికి వచ్చేసిన మనిషి. ఆమె వెళ్లింది కాబట్టే కాస్ లాంటి కొడుకు, అతని పుస్తకాలు, అతని సందేహాలు ఉన్నాయి. యూరప్‌లో నాజీల చేతుల్లో హసీదీ సమాజాలు ఎంతగా నాశనమయ్యాయో గుర్తుంటే, మిగిలిన గుప్పెడు మందిని గురువు లేకుండా వదిలి వెళ్లలేకపోవడం బలహీనతగా నాకు కనిపించదు. అజార్య ఉండిపోవడం తప్పు కాదు. ఇతరులను ఉండిపొమ్మని ఆజ్ఞాపిస్తే మాత్రం తప్పే, అప్పుడు మీ ఇద్దరి అభియోగమూ నిలుస్తుంది.

నాకు రచయిత్రి మీద ఉన్న అసంతృప్తి కూడా ఇక్కడే. దేవుడున్నాడనే 36 వాదనలనూ నవల చివర అనుబంధంగా చేర్చి, ఒక్కొక్కదానిలోని లోపాన్ని ఎంతో ఓపికగా చూపించిన మనిషి, పీఠం మీద అజార్య చేయబోయే నిర్ణయాల్లోకి మనల్ని తీసుకువెళ్లలేదు. ఇరవై ఏళ్ల తరువాత ఆ ఊళ్లో మరో పిల్లవాడు, ముఖ్యంగా ఒక ఆడపిల్ల, ఎవరూ చెప్పకుండా 30031 దాకా వచ్చిందనుకోండి. ఆమె తండ్రి రెబ్బే దగ్గరికి వచ్చి, బయటి చదువుకు పంపమంటారా వద్దంటారా అని అడుగుతాడు. అక్కడ అజార్య ఇచ్చే జవాబును బట్టి అతను మోసగాడా కాదా తేలుతుంది. నవలలో లేని ఆ సన్నివేశం ఎలా సాగుతుందని పెన్న ఒడ్డుగారు అనుకుంటున్నారో రాయమని కోరుతున్నాను.