పురిటికి పుట్టింటికి వెళ్తున్నా, 33వ వారం: పథ్యం, మొదటి పాలు, బ్యాగు గురించి మీ అనుభవాలు చెప్పండి

తణుకు_అమ్మాయి:
అందరికీ నమస్తే అండి. నాకు ఇది మొదటి కాన్పు, 33వ వారం నడుస్తోంది. మియాపూర్‌లో ఉంటాం, పుట్టిల్లు తణుకు దగ్గర పల్లెటూరు. వచ్చే వారం సూడిదలు అవ్వగానే అమ్మ వాళ్ళతో వెళ్ళిపోతా. అమ్మ ఇప్పటికే గది సర్దేసింది, ఫ్యాన్ వెయ్యకూడదంట కిటికీ తియ్యకూడదంట, 5 రోజులు వెల్లుల్లి కారం నెయ్యి అన్నం తప్ప ఏమీ పెట్టరంట, నీళ్ళు రోజుకి ఒకటో రెండో గ్లాసులేనంట, పచ్చి బాలింత నీళ్ళు తాగితే పొట్ట వచ్చేస్తుంది కుట్లు చీము పడతాయి అంటోంది. నాన్నమ్మేమో మొదటి పాలు పిండి పారబొయ్యాలి, ముందు తేనె నాకించాలి అని గట్టిగా చెప్తోంది. నా మంచికే అని తెలుసు, వాళ్ళ మనసు కష్టపెట్టాలని లేదు, కానీ ఇక్కడ డాక్టర్ చెప్పేది వేరేగా ఉంది. మీరంతా ఎలా నెట్టుకొచ్చారు? ఇంకా బ్యాగులో ఏం పెట్టుకోవాలి, ప్రయాణం ఎలా చెయ్యాలి, అన్నీ చెప్పండి ప్లీజ్.

కాకినాడ_ఇద్దరు_పిల్లల_తల్లి:
చెల్లీ ముందుగా కంగ్రాట్స్. నీళ్ళ విషయం మాత్రం అస్సలు వదలకు. నా మొదటి కాన్పుకి అమ్మమ్మ మాట విని రోజుకి రెండు గ్లాసులతో సరిపెట్టుకున్నా, మే నెల, ఫ్యాన్ లేదు, ఐదో రోజుకి యూరిన్ మంట, చలి జ్వరం, మళ్ళీ హాస్పిటల్‌కి పరుగు. దానికి తోడు మలబద్ధకం, కింద కుట్లున్నప్పుడు అది ఎంత నరకమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. పాలిచ్చే తల్లికి ఎంత దాహం వేస్తుందంటే బిడ్డ నోరు పెట్టగానే గొంతు ఎండిపోతుంది, అది ఒళ్ళు అడుగుతున్నట్టే, తాగాలి.

రెండోసారి ఏం చేశానంటే, గొడవ పెట్టుకోలేదు. జీలకర్ర వేసి కాచిన నీళ్ళు ఫ్లాస్కులో పోసి మంచం పక్కన పెట్టుకున్నా. అమ్మ భయమంతా చన్నీళ్ళ మీదే, వేడి నీళ్ళయితే తనే నింపి ఇచ్చేది. పాలిచ్చిన ప్రతిసారి ఒక గ్లాసు, అంతే, లెక్క కూడా పెట్టలేదు. ఫ్యాన్ కూడా అంతే, మనిషి మీదకి కొట్టకుండా పక్కకి తిప్పిన చిన్న టేబుల్ ఫ్యాన్‌కి ఒప్పుకుంది.

ఇంకోటి, ఇది చాలా ముఖ్యం, డిశ్చార్జ్ రోజు డాక్టర్ దగ్గరికి అమ్మని కూడా లోపలికి తీసుకెళ్ళు. పప్పు తినొచ్చా, గుడ్డు తినొచ్చా, నీళ్ళు ఎన్ని అని అమ్మ ముందే అడుగు. నువ్వు చెప్తే ఎదురు మాట్లాడినట్టు ఉంటుంది, డాక్టరమ్మ చెప్తే ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

పథ్యంలో మంచివి లేవని కాదు సుమా. తెలగపిండి మునగాకు కూర, పాలసొర పిట్టు, శొంఠి పొడి, మెంతులు, నాకు ఇవన్నీ ఇష్టంగానే దిగాయి. పప్పూ ఆకుకూరలూ పళ్ళూ మానేసి ఒట్టి కారం అన్నం మీద ఉంటే రక్తం ఎక్కడినుంచి వస్తుంది చెప్పు. ఐరన్, కాల్షియం బిళ్ళలు డెలివరీ అయ్యాక కూడా ఆరు నెలలు వేసుకోమంటారు, రెండూ ఒకేసారి వేసుకోకు, ఒకటి పొద్దున ఒకటి రాత్రి, కలిపి వేసుకుంటే ఐరన్ సరిగ్గా ఒంటబట్టదు.

స్టాఫ్_నర్స్_వరంగల్:
నేను లేబర్ రూమ్‌లో 11 ఏళ్ళుగా చేస్తున్నా. తేనె, ముర్రుపాలు ఈ రెండింటి గురించే చెప్తా, మిగతావి పెద్దవాళ్ళతో సర్దుకోవచ్చు, ఈ రెండిట్లో సర్దుబాటు వద్దు.

తేనె ఏడాది నిండేదాకా ఒక్క చుక్క కూడా వద్దు. తేనెలో ఒక రకం బ్యాక్టీరియా విత్తనాలు ఉండొచ్చు, పెద్దవాళ్ళ కడుపులో అవి ఏం చెయ్యవు కానీ పసిపిల్లల పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తాయి, బిడ్డ ఒళ్ళు వాలిపోతుంది, ఊపిరి తీసుకోవడం కష్టమవుతుంది. అరుదే, కానీ వస్తే ప్రాణం మీదకి వస్తుంది. పంచదార నీళ్ళు, ఆముదం చుక్క, గాడిద పాలు, ఇవి కూడా అంతే, ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కర్లేదు ఎండాకాలమైనా సరే. డాక్టర్ రాసిన విటమిన్ డి చుక్కలు మాత్రం వెయ్యండి.

ముర్రుపాలు పసుపుగా చిక్కగా కొంచెమే వస్తాయి, దాన్ని చూసి చీము పాలు, పాడు పాలు అనుకుని పారబోస్తారు. బిడ్డకి అదే మొదటి టీకా అనుకోండి. పుట్టిన గంటలోపే రొమ్ముకి పట్టించాలి, సిజేరియన్ అయినా తల్లి తెలివిగా ఉంటే పట్టించొచ్చు. మొదటి రోజు బిడ్డ పొట్ట చాలా చిన్నది, ఒకసారికి చెంచాడు పాలు చాలు. నిండుగా పాలు పడేది మూడో రోజు నాలుగో రోజు. ఈ మధ్యలో బిడ్డ ఏడిస్తే చాలు పాలు లేవు డబ్బా తెండి అని బంధువులంతా మొదలుపెడతారు, అక్కడే ఎక్కువమంది తల్లులు ఓడిపోతారు. డబ్బా పడితే బిడ్డ చప్పరించడం తగ్గిస్తుంది, చప్పరించకపోతే పాలు ఊరవు.

సరిపోతున్నాయా లేదా అనేది ఏడుపుని బట్టి చూడకండి, తడి గుడ్డల్ని బట్టి చూడండి. మొదటి రోజు ఒకటి, రెండో రోజు రెండు, అలా పెరిగి ఐదో రోజు నుంచి రోజుకి ఆరుకి తక్కువ కాకుండా ఉచ్చ పోస్తే సరిపోతున్నట్టే. మొదటి వారంలో బరువు కొంచెం తగ్గుతారు, పదో వంతు కంటే ఎక్కువ తగ్గితే డాక్టర్‌కి చూపించాలి, రెండు వారాలకల్లా పుట్టిన బరువుకి వచ్చెయ్యాలి. పట్టించేటప్పుడు ఒట్టి చనుమొన కాదు, చుట్టూ నల్లగా ఉండే భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్ళాలి, గడ్డం రొమ్ముకి ఆనాలి. అలా పడితే నొప్పి ఉండదు, నొప్పి పుడుతుంటే చిటికెన వేలు నోటి మూలన పెట్టి విడిపించి మళ్ళీ పట్టించండి.

పాప_నాన్న_కూకట్‌పల్లి:
బ్యాగు సంగతి నేను చెప్తా, మాకు అర్ధరాత్రి ఉమ్మనీరు పోయినప్పుడు నేను ఫైలు కోసం బీరువాలన్నీ వెతికా. 36వ వారానికల్లా సర్దేసి తలుపు దగ్గర పెట్టండి. మెత్తటి పాత నూలు చీర ముక్కలు ఉతికి ఎండబెట్టినవి ఓ పదిహేను, బిడ్డకి టోపీ సాక్సులు, పెద్ద ప్యాడ్లు, ముందు తెరుచుకునే నైటీలు మూడు, ఫోన్ చార్జర్, ఫ్లాస్కు. కాగితాలు ఒకే ఫైల్లో: తల్లీబిడ్డల కార్డు, స్కానింగ్ రిపోర్టులన్నీ, బ్లడ్ గ్రూపు, ఇద్దరి ఆధార్. వేరే ఊళ్ళో కాన్పు కాబట్టి ఆ డాక్టర్‌కి మిమ్మల్ని మొదటినుంచీ చూసిన కాగితాలే ఆధారం, అందుకని అన్నీ ఫోన్లో కూడా ఫొటోలు తీసి పెట్టుకోండి. అక్కడికి వెళ్ళిన రెండు మూడు రోజుల్లోనే ఆ హాస్పిటల్లో ఒకసారి చూపించుకుని పేరు రాయించుకోండి.

బర్త్ సర్టిఫికెట్‌కి 21 రోజుల్లోపు నమోదు అవ్వాలి, హాస్పిటల్లో అయితే వాళ్ళే పంపుతారు. కానీ ఆ ఫారంలో అమ్మానాన్నల పేర్ల స్పెల్లింగు ఆధార్లో ఉన్నట్టే ఉందో లేదో సంతకం పెట్టేముందు మీరే చూడండి, మాది ఒక్క అక్షరం తప్పుపడితే సరిచేయించడానికి నాలుగు నెలలు తిరిగాం. బిడ్డ పేరు అప్పటికి పెట్టకపోయినా ఫర్వాలేదు, ఏడాదిలోపు ఫీజు లేకుండా చేర్పించుకోవచ్చు. ఉద్యోగం చేస్తుంటే ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు, అందులో డెలివరీకి ముందు 8 వారాల దాకా వాడుకోవచ్చు, కాబట్టి ఆఫీసుకి లెటర్ ఇప్పుడే ఇచ్చెయ్యండి.

కారులో వస్తుంటే బెల్టు పొట్ట మీద కాదు, పొట్ట కింద తొడల మీదుగా రావాలి. రెండు గంటలకోసారి దిగి నాలుగడుగులు వెయ్యండి.

నెగెటివ్_గ్రూప్_మామ్:
ఒక్క మాట, మీది నెగెటివ్ గ్రూపు అయితే యాంటీ డి ఇంజెక్షన్ (బిడ్డ పాజిటివ్ రక్తానికి తల్లి ఒంట్లో వ్యతిరేకత పుట్టకుండా వేసేది) గురించి ఇప్పుడే అడగండి. బిడ్డది పాజిటివ్ అయితే పుట్టిన 72 గంటల్లోపు తల్లికి ఇవ్వాలి. చిన్న ఊళ్ళల్లో అప్పటికప్పుడు దొరక్కపోవచ్చు, మేం రాత్రి పూట రాజమండ్రి నుంచి ఐస్ డబ్బాలో తెప్పించాం.

కోనసీమ_అమ్మమ్మ:
నాకు 64 ఏళ్ళమ్మా, మనవరాలు టైపు చేస్తోంది నేను చెప్తున్నా. మీ అమ్మనీ నాన్నమ్మనీ తప్పు పట్టకండి. మా రోజుల్లో కాలవ నీళ్ళు, చెరువు నీళ్ళు తాగేవాళ్ళం, బాలింతకి ఆ నీళ్ళు పడితే విరోచనాలు పట్టుకుని పోయేవాళ్ళు, అందుకే పెద్దవాళ్ళు నీళ్ళు తగ్గించమన్నారేమో అని నాకనిపిస్తుంది. ఇప్పుడు కాచిన నీళ్ళున్నాయి, భయమెందుకు. నా కూతురికి నేను కూడా నీళ్ళు కట్టడి చేశాను, పిల్ల పెదాలు పగిలి పాలు తగ్గి ఏడుస్తుంటే నా చేతులతో నేనే చేశానని ఇప్పటికీ బాధేస్తుంది. కోడలి కాన్పుకి అవేమీ చెయ్యలేదు.

మేం చేసే వాటిల్లో ఒంటికి నూనె రాయడం, బాలింతకి వేణ్ణీళ్ళు పొయ్యడం, నడుముకి గుడ్డ కట్టడం, 40 రోజులు పని చెప్పకుండా కూర్చోబెట్టి పెట్టడం, ఇవి మాత్రం వదులుకోకు తల్లీ, మళ్ళీ ఎవరూ అలా చూసుకోరు. బిడ్డకి కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసేటప్పుడు ముక్కులో చెవిలో నూనె వెయ్యనివ్వకు, ముక్కులో ఊదనివ్వకు, రొమ్ములు పిండనివ్వకు (ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా పుట్టినప్పుడు కొంచెం గట్టిగా ఉంటాయి, వాటంతటవే తగ్గిపోతాయి, పిండితే చీము పడుతుంది). సాంబ్రాణి ఘాటుగా వెయ్యకండి, గది తలుపులు మూసి అసలు వద్దు. కాటుక కంట్లో పెట్టకుండా దిష్టి చుక్క అరికాలికి పెడితే నాన్నమ్మకీ సంతోషం.

విజయనగరం_మదర్:
మా వాడికి వస కొమ్ము రోజూ అరగదీసి నాకించాం, ఆవాల దిండు కూడా వేశాం, మూడేళ్ళొచ్చాయి వాడికేమీ కాలేదు, మాటలు గడగడా మాట్లాడతాడు. అన్నిటికీ భయపెట్టేస్తే ఎలా?

స్టాఫ్_నర్స్_వరంగల్:
మేడమ్ మీ బాబు బాగున్నందుకు సంతోషం. కానీ వసతో వాంతులు, మత్తు వచ్చి తీసుకొచ్చిన పిల్లల్ని నేను వార్డులో చూశాను, అరగదీసేటప్పుడు ఎంత పడుతుందో ఎవరికీ లెక్క ఉండదు, అదే కష్టం. ఆవాల దిండు సంగతి, బిడ్డ వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండు లేకుండా పడుకోవాలి. ముక్కుకి ఏదైనా అడ్డం పడితే తిప్పుకునే బలం వాళ్ళకి ఉండదు. తల ఒకవైపు చదునవుతుందని అనిపిస్తే పడుకోబెట్టే దిక్కు రోజూ మార్చండి, మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్ళ ముందు కాసేపు బోర్లా వెయ్యండి.

గుంటూరు_కామెర్లు_అనుభవం:
నేను కామెర్ల గురించి రాయాలి. మా పాప మూడో రోజు పసుపు తిరిగింది. పొద్దున ఎండలో చూపిస్తే పోతుంది అన్నారు, ఇంట్లో వాళ్ళే కాదు ఒక క్లినిక్‌లో కూడా అదే మాట, మేం నమ్మి రెండు రోజులు ఎండలో పెట్టాం. ఐదో రోజు పాప పాలు తాగడానికి లేవట్లేదు, అరికాళ్ళు కూడా పచ్చగా ఉన్నాయి. అప్పుడు తీసుకెళ్తే వెంటనే నీలి లైటు కింద పెట్టారు, ఇంకొంచెం ఆలస్యమైతే మెదడుకి ఎక్కేది అన్నారు. పాప ఇప్పుడు బాగుంది, కానీ ఆ రాత్రి నేను మర్చిపోలేను. చాలామంది పిల్లలకి కొంచెం పసుపు వస్తుంది, అది దానంతటదే తగ్గుతుంది, నిజమే. కానీ మొదటి 24 గంటల్లోనే పసుపు కనిపించినా, అరిచేతులు అరికాళ్ళ దాకా దిగినా, బిడ్డ మత్తుగా ఉండి పాలు పట్టకపోయినా ఎండ మీద ఆధారపడకండి, రక్తపరీక్ష చేయించండి. గదిలో ట్యూబ్ లైటు కింద సరిగ్గా తెలీదు, కిటికీ తెరిచి వెలుతుర్లో చూడండి. చీకటి గది వద్దనేది నేను అందుకే చెప్తా.

రెండో_నెల_తల్లి:
ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా. మూడో రోజు నుంచి ఊరికే ఏడుపొచ్చేది, అది రెండు వారాల్లో తగ్గుతుందంటారు. నాకు తగ్గలేదు, బిడ్డని ఎత్తుకోవాలనిపించేది కాదు, నిద్రపోయే టైం దొరికినా నిద్ర పట్టేది కాదు. దిష్టి తగిలింది అని తీశారు. చివరికి మా ఆయన 14416 కి చేశారు, టెలీ మానస్ అంటారు, తెలుగులో మాట్లాడతారు, ఫ్రీ. వాళ్ళు చెప్పాక డాక్టర్‌ని కలిశాం, పాలిస్తూ కూడా వేసుకునే మందులున్నాయి. ఆ నెంబరు మీ ఆయన ఫోన్లో సేవ్ చేయించండి, మీ ఫోన్లో కాదు, ఆ టైంలో మనకి చెయ్యాలని తోచదు.

స్టాఫ్_నర్స్_వరంగల్:
పై మాటకి ఇంకోటి కలుపుతున్నా. డెలివరీ అయిపోయింది కదా అని తల్లిని చూడటం మానేస్తారు. గంటకో ప్యాడ్ నిండిపోతున్నా, జ్వరం వచ్చినా, తలనొప్పి తగ్గక కళ్ళు మసకబారినా (బీపీ కాన్పు తర్వాత ఆరు వారాల దాకా కూడా పెరగొచ్చు), ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా వెంటనే 108 కి చెయ్యండి, తెల్లారాక చూద్దాం అనుకోకండి.

తణుకు_అమ్మాయి:
అందరికీ చాలా చాలా థాంక్స్. అమ్మమ్మగారి మెసేజ్ అమ్మకి చదివి వినిపించా, చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత లేచి వెళ్ళి కొత్త ఫ్లాస్కు చూపించింది, పెద్దది, రెండు లీటర్లది.

తణుకు_అమ్మాయి:
మూడు నెలల తర్వాత రాస్తున్నా. 39వ వారంలో బాబు పుట్టాడు, 2 కిలోల 900, నార్మల్. గంటలోపే పట్టించారు. మూడో రోజు దాకా పాలు చాలట్లేదని అందరూ అన్నారు, నేను తడి గుడ్డలు గోడ క్యాలెండర్ మీద గీతలు పెట్టుకుంటూ కూర్చున్నా, నాన్నమ్మ కూడా లెక్క అడగడం మొదలుపెట్టింది. 12వ రోజుకి పుట్టిన బరువు దాటాడు. ఇప్పుడు ఆరు వారాల టీకాలు బుధవారం మా సబ్ సెంటర్లో, జ్వరం వస్తుందా, ముందే సిరప్ వెయ్యాలా?

స్టాఫ్_నర్స్_వరంగల్:
బంగారు తల్లి! రెండు తొడలకీ చేతికీ ఇంజెక్షన్లు, నోట్లో చుక్కలు ఉంటాయి. ముందే మందు వెయ్యకండి. జ్వరం ఒకటి రెండు రోజులు ఉండొచ్చు, వస్తే పారాసిటమాల్ బరువుని బట్టి ఏఎన్ఎంని అడిగి రాయించుకోండి, డ్రాప్స్ వేరు సిరప్ వేరు, డ్రాప్స్ చాలా చిక్కగా ఉంటాయి, ఒకదాని కొలత ఇంకోదానికి వాడొద్దు. సూది వేసినచోట రుద్దొద్దు, పసుపు రాయొద్దు. వేయించాక అరగంట అక్కడే కూర్చుని పాలిచ్చి రండి. కార్డు మర్చిపోకండి.

తణుకు_అమ్మాయి:
సరే అక్కా. కార్డు సంచిలో పెట్టేశా. నాన్నమ్మ కూడా వస్తానంటోంది, ఏఎన్ఎం గారిని తనే అడగాలంట.