కార్క్‌లో ల్యాబ్ ఇంటర్న్‌గా వస్తున్నాను, కుక్కర్ తెచ్చుకోవాలా?

అక్కలకు, అన్నలకు నమస్కారం. మాది తెనాలి. సెప్టెంబర్‌లో ఎమ్మెస్సీకి ఐర్లాండ్‌లోని కార్క్ వస్తున్నాను. కోర్సుతో పాటు మైక్రోబయాలజీ ల్యాబ్‌లో వారానికి కొన్ని గంటలు ఇంటర్న్‌గా చేసే అవకాశం వచ్చింది. రెండే సందేహాలు. ప్రెషర్ కుక్కర్ తెచ్చుకోవాలా? చలికోటు హైదరాబాద్‌లో కొనాలా, అక్కడికొచ్చాక కొనాలా? అమ్మ చాలా టెన్షన్ పడుతోంది.

డబ్లిన్ నుంచి, పదకొండేళ్లుగా

కుక్కర్ సంగతి తర్వాత చూద్దాం తల్లీ, ముందు కాగితాలు. దిగిన 90 రోజుల్లోపు ఇమిగ్రేషన్ రిజిస్ట్రేషన్ అయిపోవాలి, అప్పుడిచ్చే ఐఆర్‌పీ అనే నివాస కార్డుకి 300 యూరోలు. ఆ డబ్బు విడిగా పెట్టుకో, మొదటి నెల ఖర్చుల్లో కలిపేయకు. కార్డు కంటే ముందు చూసుకోవాల్సింది పీపీఎస్ నంబర్, పన్నుకీ ప్రభుత్వ పనులకీ ఇక్కడ అడిగే సొంత నంబర్. అది లేకుండా జీతం మొదలైతే ఎమర్జెన్సీ ట్యాక్స్ పడుతుంది. నా మొదటి జీతంలో 40 శాతం పన్ను, దానిమీద యూఎస్‌సీ అనే మరో పన్ను 8 శాతం పట్టుకున్నారు. చేతికొచ్చింది చూసి ఆ రాత్రి నిద్రపోలేదు. నంబర్ వచ్చాక రెవెన్యూ (పన్నుల శాఖ) వాళ్ల వెబ్‌సైట్‌లో ఉద్యోగం రిజిస్టర్ చేస్తే తర్వాతి జీతంలో ఎక్కువ పట్టింది తిరిగొచ్చింది. కానీ ఆ నెల అద్దె అప్పు చేసి కట్టాను.

పని గంటలు కూడా గుర్తుపెట్టుకో. స్టాంప్ 2 (విద్యార్థులకిచ్చే అనుమతి) మీద టర్మ్‌లో వారానికి 20, సెలవుల్లో 40. మేలో క్లాసులు అయిపోగానే 40 చేసుకోవచ్చు.

గాల్వే నుంచి

అన్నా, మే కాదు. జూన్ నుంచి సెప్టెంబర్ చివరి వరకు, మళ్లీ డిసెంబర్ 15 నుంచి జనవరి 15 వరకు, అంతే. క్లాసులు ఎప్పుడు అయిపోయాయన్నదానితో సంబంధం లేదు. కొత్తవాళ్లకి చెప్పేటప్పుడు ఇది తప్పుగా వెళ్లకూడదు, రేపు కార్డు రెన్యువల్‌లో ఇబ్బంది పడేది వాళ్లే.

కార్క్ నుంచి, ఆరేళ్లుగా

చెల్లీ, నేనూ నీలాగే ల్యాబ్ ఇంటర్న్‌గా వచ్చాను. నువ్వు గది గురించి అడగలేదు కాబట్టి అదే చెబుతాను.

ఇక్కడ డిగ్స్ అంటారు. ఇంటి ఓనర్లు తాముండే ఇంట్లోనే ఒక గది విద్యార్థికిస్తారు. నాకు దొరికిన గది చక్కగా ఉంది, కిటికీలోంచి లీ నది కనిపించేది. ప్రకటనలో సోమవారం నుంచి శుక్రవారం అని రాసుంది. ఓనర్లతో మాట్లాడాలంటే ఆ రోజుల్లోనే ఫోన్ చేయాలేమో అనుకున్నాను. మొదటి శుక్రవారం సాయంత్రం ఆవిడ నవ్వుతూ వచ్చి, ‘మీ ఊరి బస్సు ఎన్నింటికమ్మా?’ అని అడిగింది. ఇక్కడి పిల్లలు శుక్రవారం బ్యాగు సర్దుకుని సొంతూరు వెళ్లిపోతారు, ఆదివారం రాత్రి తిరిగొస్తారు. గది ఐదు రోజులకే. మా ఊరు నర్సీపట్నం, ఏ బస్సెక్కను?

మూడు వారాలు శని, ఆదివారాలు ఒక క్లాస్‌మేట్ గదిలో నేలమీద పడుకున్నాను. వేరే గది వెతుక్కుంటానంటే ఒక నెల డిపాజిట్ తిరిగివ్వనన్నారు. శనివారం కల్చర్లు (ల్యాబ్‌లో పెంచే సూక్ష్మజీవులు) చూడడానికి ల్యాబ్‌కి వెళ్తే బాగుండు అనిపించేది, కనీసం వెచ్చగా ఉంటుంది. కానీ ఒంటరిగా సెలవురోజు ల్యాబ్‌లో ఉండాలంటే ముందే అనుమతి కావాలి. ఆ మాట అడగడానికీ మొహమాటమే.

అన్నాళ్లూ నేను టీకి వెళ్లలేదు. మా ల్యాబ్‌లో పదకొండింటికి అందరూ చేతులు కడుక్కుని, కోటు హుక్కుకి తగిలించి టీ గదికి వెళ్లేవారు. నేను మాత్రం పని చూపించాలని బెంచి దగ్గరే ఉండిపోయేదాన్ని. నాలుగో వారం మా టెక్నీషియన్ ఒకావిడ తలుపు దగ్గర నిలబడి, వస్తావా రావా అన్నట్టు చూసింది. వెళ్లాను. బిస్కెట్ల డబ్బా నా వైపు తోసి, శని, ఆదివారాలు ఏం చేస్తుంటావని అడిగింది. చెప్పేశాను, గొంతు పూడుకుపోయింది. గది మొత్తం నిశ్శబ్దం. సాయంత్రం నాలుగయ్యేసరికి వాళ్ల పిన్నిగారింట్లో ఏడు రోజుల గది దొరికింది. శనివారం అనుమతి కాగితం మీద మా ప్రొఫెసర్ అక్కడికక్కడే సంతకం పెట్టింది.

డబ్లిన్ నుంచి

డిపాజిట్ ఎందుకు వదిలేశావమ్మా? అద్దె తగాదాలు చూసే ఆర్‌టీబీలో ఫిర్యాదు చేయాల్సింది. 2021 నుంచి ఒక నెల డిపాజిట్, ఒక నెల అద్దె కంటే ముందుగా ఎక్కువ అడగకూడదని చట్టమే ఉంది.

కార్క్ నుంచి

అన్నయ్యా, ఆ చట్టం విడి ఇంట్లో అద్దెకుండేవాళ్లకి. ఓనర్ ఉన్న ఇంట్లో గదికి ఆర్‌టీబీ వర్తించదు. ఫోన్ చేసి కనుక్కున్నాకే వదిలేశాను.

డబ్లిన్ నుంచి

అద్దె తీసుకున్నాక అద్దెదారే కదా.

గాల్వే నుంచి

అక్క చెప్పింది కరెక్ట్, డిగ్స్‌లో ఉండేవాళ్లు ఆర్‌టీబీ కిందికి రారు. అయితే దారి లేకపోలేదు. చిన్న మొత్తాల తగాదాలు చూసే స్మాల్ క్లెయిమ్స్‌లో 25 యూరోలు కట్టి కేసు వేయొచ్చు, ఓనర్‌తో కలిసున్న గది డిపాజిట్ కూడా అందులోకి వస్తుంది, 2,000 యూరోల వరకు. అప్పట్లో మనలో ఎవరికీ ఇది తెలియలేదు.

టీ గురించి అక్క మాటకి నాదీ ఒకటి. ఇక్కడ ఎవరూ మొహం మీద పని పురమాయించరు. మా సూపర్‌వైజర్ గురువారం నాతో, ‘వీలైతే ఆ ప్లేట్లు ఒకసారి చూస్తే మంచిదేమో’ అన్నారు. వీలు సోమవారం దొరికింది. ఇంక్యుబేటర్ తెరిస్తే ప్లేట్లన్నీ బూజు పట్టాయి, మూతలకి కూడా ఆకుపచ్చగా పాకింది. ఆయన నన్ను తిట్టలేదు. ‘యూ ఆర్ గ్రాండ్’ (ఫర్వాలేదులే) అని తనే కొత్త ప్లేట్లకి మీడియం పోయడం మొదలుపెట్టారు. తిట్టి ఉంటే అంత బాధపడేవాణ్ణి కాదు. వీలైతే అంటే ఈరోజే అని అర్థం చేసుకో. ప్రొఫెసర్‌ని పేరు పెట్టి పిలవాలి. సార్ అంటే ఆయనకే ఇబ్బందిగా ఉంటుంది, మనకి నోరు తిరగడానికి నెల పడుతుంది. ‘హౌ ఆర్ యూ’ అంటూ నడుచుకుంటూ వెళ్లిపోతారు, అది పలకరింపే, ఆగి జవాబు చెప్పక్కర్లేదు. పబ్‌కి పిలిస్తే మందు తాగకపోయినా వెళ్లు. కూల్‌డ్రింక్‌ని మినరల్ అంటారు, అదే చెప్పు. తలా ఒక రౌండ్ కొంటారు, నీ వంతు వచ్చినప్పుడు లేచి వెళ్లు. టీ-టెస్ట్ అని, రెండు గుంపుల సగటుల మధ్య తేడా నిజమైనదేనా అని చూసే లెక్క ఒకటుంది. అది నాకు బాగా అర్థమైంది మా ల్యాబ్ వాళ్లతో పబ్‌లోనే. అది 1908లో ‘స్టూడెంట్’ అన్న మారుపేరుతో అచ్చువేసిన గాసెట్ డబ్లిన్‌లో గిన్నెస్ బీరు కంపెనీ ఉద్యోగి. ఆ కథతో మొదలుపెట్టి శాంపిల్స్ తక్కువున్నప్పుడు ఏం చేయాలో టేబుల్ మీదే వేసి చూపించారు.

కార్క్ నుంచి

వేడినీళ్ల గురించి ఎవరూ చెప్పలేదు. చాలా ఇళ్లలో ఇమ్మర్షన్ అని ఒక స్విచ్ ఉంటుంది, హాట్ ప్రెస్ అనే గూట్లో నీళ్ల ట్యాంకు పక్కన. దానికి సింక్, బాత్ అని రెండు గుర్తులుంటాయి. సింక్ మీద పెడితే ట్యాంకులో పైనున్న కాసిని నీళ్లే కాగుతాయి, బాత్ అంటే ట్యాంకు మొత్తం. పనయ్యాక ఆపేయాలి. రాత్రంతా వదిలేస్తే ఎంత మంచి ఓనరైనా కోప్పడతారు.

ప్రశ్న అడిగిన అమ్మాయి

అందరికీ చాలా థ్యాంక్స్. నేను చూసిన గది కూడా ఐదు రోజులదే! ఇప్పుడే గమనించాను, వద్దని రాసేశాను. మరి కుక్కరు, కోటు?

కార్క్ నుంచి

మంచి పని చేశావు చెల్లీ. కోటు ఇక్కడే కొనుక్కో, పెన్నీస్ అనే బట్టల షాపులో చవక. నీళ్లు లోపలికి రానిది, తలకి టోపీ ఉన్నది చూసుకో, ఈ గాలికి గొడుగు నిలవదు. కుక్కర్ తెచ్చుకో, మూడు లీటర్లది, స్టీలుది, అడుగు ఇండక్షన్‌కి పనికొచ్చేది. అల్యూమినియంది వద్దు, పొయ్యి ఏ రకమో ముందే తెలియదు కదా. చికెన్ పచ్చడి, పాలకోవా, నెయ్యి మాత్రం పెట్టొద్దని అమ్మకి చెప్పు. మాంసం, పాల పదార్థాలు బయటినుంచి తేనివ్వరు, ఎయిర్‌పోర్ట్‌లో తీసి పారేస్తుంటే చూడలేం. ఆవకాయ ఫర్వాలేదు, మూతకి టేపు చుట్టించు. పోపు పెట్టేటప్పుడు కిటికీ తెరువు, పొగ అలారం వెంటనే మోగుతుంది. డబ్లిన్ ఎయిర్‌పోర్ట్ నుంచి కార్క్‌కి నేరుగా బస్సులున్నాయి, మూడు మూడున్నర గంటలు. టికెట్ కొన్నాక ఏ రోజు దిగుతున్నావో ఇక్కడ రాయి, బస్టాండ్‌కి నేనొస్తాను.