నాన్నకు ఐసీడీ (గుండె లయ తప్పితే షాక్ ఇచ్చే పరికరం) పెట్టాలంటున్నారు, స్టెంట్ వేశాక కూడా ఎందుకు?

పెద్దకూతురు:
నాన్నకు పోయినేడు గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. మందులు వాడుతున్నారు, బాగానే నడుస్తున్నారు. ఇప్పుడు ఎకో (గుండె స్కాన్) చూసి ఈఎఫ్, అంటే గుండెలో నిండిన రక్తంలో ఒక్కో బీట్‌కు బయటికి పంపే వంతు, 30 శాతమే ఉంది, ఐసీడీ పెట్టాలన్నారు. "బాగున్న మనిషికి షాక్ మిషన్ ఎందుకు? ఈ కొత్త ప్రయోగాలు నామీద వద్దు" అని నాన్న మొండికేశారు. ఏం చెప్పి ఒప్పించాలి?

ఎడమజేబు:
అమ్మా, నాకు ఐసీడీ ఉంది, షాక్ కూడా తిన్నాను. స్టెంట్ రక్తనాళం సంగతి చూస్తుంది, అంతవరకే. గుండెపోటులో దెబ్బతిన్న కండరం మచ్చగా మిగిలిపోతుంది, గుండెను కొట్టించే కరెంటు దారితప్పేది అక్కడే. జఠరికలు (గుండె కింది గదులు) ఉన్నట్టుండి కొట్టుకోవడం మానేసి ఊరికే వణికితే రక్తం బయటికి పోదు, నిమిషాల్లో ప్రాణం పోతుంది. మందులు కొన్ని నెలలు వాడినా ఈఎఫ్ 35 దాటకపోతే ఈ ముప్పు ఎక్కువ. నాన్నగారు బాగా నడుస్తున్నంత మాత్రాన ఆ ముప్పు పోదు.

కాలర్ బోన్ కింద చర్మంలో చిన్న పెట్టె, సిర గుండా కుడి జఠరికలోకి ఒక లీడ్ (సన్నని వైరు), ఇదే ఐసీడీ. ప్రతి బీట్‌నూ చూస్తుంటుంది. వేగం హద్దు దాటగానే షాక్ ఇచ్చేయదు. చాలాసార్లు ముందు అంతకన్నా కాస్త వేగంగా చిన్న పల్సులు పంపి గుండెను దారికి తెస్తుంది. నాకలా జరిగిందని చెకప్‌లో రిపోర్టు చూపించేదాకా తెలియనే లేదు. దానికి లొంగకపోతేనో, వణుకు మొదలైతేనో షాక్.

ఛాతీ మీద ఎవరో గట్టిగా తన్నినట్టుంటుంది, క్షణంలో అయిపోతుంది. నొప్పికన్నా మళ్లీ ఎప్పుడు కొడుతుందోనన్న టెన్షనే నన్ను చాలాకాలం పీడించింది. ఈ మాట నాన్నగారికి ముందే చెప్పి ఉంచండి.

కొత్త ప్రయోగం అంటే మాత్రం నవ్వొస్తుంది. డాక్టర్ మిరోవ్‌స్కీ బృందం తయారుచేసిన మొదటి ఐసీడీని 1980లోనే అమెరికాలోని బాల్టిమోర్‌లో ఒక మనిషికి అమర్చారు. అప్పట్లో ఛాతీ తెరిచి, పెట్టెను పొట్టలో పెట్టేవాళ్లు.

డివైస్ టెక్నీషియన్:
ఒకటి కలుపుతాను మేడమ్. ఇది గుండె పంపింగ్‌ను పెంచదు, మందులు ఆపకూడదు. ఒక్క షాక్ వచ్చి మనిషి బాగుంటే క్లినిక్‌కు ఫోన్ చేయండి. వెంటవెంటనే రెండొచ్చినా, స్పృహ తప్పినా, ఆయాసమొచ్చినా అంబులెన్సే.

పెద్దకూతురు:
థాంక్సండీ. షాక్ కొట్టేటప్పుడు అమ్మ ఆయన్ని పట్టుకుని ఉంటే?

ఎడమజేబు:
మహా అయితే చిన్న జలదరింపు, అమ్మగారికి ప్రమాదమేమీ లేదు. సెల్‌ఫోన్ మాత్రం పెట్టెకు 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి, అంటే చొక్కా జేబులో వద్దు. బ్యాటరీ అయిపోవస్తే పెట్టె మొత్తం మారుస్తారు, లీడ్ బాగుంటే అదే ఉంచుతారు. పెట్టిన కొత్తలో కొన్ని వారాలు ఎడమచెయ్యి భుజం పైకి ఎత్తనివ్వరు. బనియన్లు పక్కనపెట్టి ముందు గుండీలున్న చొక్కాలు తీసి ఉంచండి.