ఆఫీసు ఐదో ఫ్లోర్‌కి మారింది, 911 రికార్డులో రెండో ఫ్లోరే ఉంది

ప్రశ్న (హన్మకొండ):
నమస్తే. మడికొండ ఐటీ పార్కులో పని చేస్తున్నాను. టెక్సస్‌లోని ఒక క్లయింట్ ఆఫీసు ఫోన్ సిస్టమ్‌ను ఇక్కడి నుంచే చూసుకుంటాం. వాళ్లు ఈమధ్య రెండో ఫ్లోర్ నుంచి ఐదో ఫ్లోర్‌కి మారారు. కొందరు ఇంటి నుంచి సాఫ్ట్‌ఫోన్ (కంప్యూటర్‌లోనే ఫోన్‌లా పనిచేసే యాప్) వాడతారు. "911 కొడితే ఏ అడ్రస్ వెళ్తుంది?" అని క్లయింట్ అడిగారు (911 అంటే మన 112 లాంటి అమెరికా ఎమర్జెన్సీ నంబరు). చూస్తే అన్ని ఎక్స్‌టెన్షన్లకూ పాత అడ్రసే ఉంది. ఒక్కొక్కటి తెరిచి మార్చాల్సిందేనా? టెన్షన్‌గా ఉంది.

జవాబు (కాజీపేట):
అలా మార్చకు తమ్ముడూ. మార్చినా ఇంకెవరో సీటు మారగానే కథ మొదటికొస్తుంది. అడ్రస్‌ను ఎక్స్‌టెన్షన్‌కు కాకుండా స్థలానికి కట్టు. డెస్క్ ఫోన్ ఏ స్విచ్‌లో (నెట్‌వర్క్ వైర్లు వచ్చి కలిసే పెట్టె) ఏ పోర్టుకు తగిలించి ఉందో, వైఫై అయితే ఏ యాక్సెస్ పాయింట్ మీద ఉందో, దాన్ని బట్టి ఫ్లోర్, గది వచ్చేలా పెట్టు. ఫోన్ ఎత్తుకెళ్లి వేరే డెస్క్ మీద పెట్టినా అడ్రస్ దానంతట అదే మారుతుంది. సబ్‌నెట్‌తోనూ (నెట్‌వర్క్‌లో ఒక భాగానికి ఇచ్చే ఐపీ అడ్రస్‌ల గుంపు) చేయొచ్చు గానీ ఒకే సబ్‌నెట్ రెండు ఫ్లోర్లలో ఉంటే లాభం లేదు.

అక్కడి రే బామ్స్ చట్టం ప్రకారం వీధి అడ్రస్ ఒక్కటే సరిపోదు, మనిషిని వెతికి పట్టుకునేలా ఫ్లోర్, గది లాంటి వివరం కూడా కావాలి. ఒకేచోట ఉండే ఫోన్లకు 2021 జనవరి 6 నుంచి, కదిలేవాటికి, ఇంటి నుంచి వాడేవాటికి 2022 జనవరి 6 నుంచి ఇది అమల్లో ఉంది.

సొంత నంబరు లేని ఎక్స్‌టెన్షన్లనూ చూడు. వాటి నుంచి కాల్ వెళ్తే ఆఫీసు మెయిన్ నంబరే కనిపించవచ్చు. 911 వాళ్లు దానికి తిరిగి ఫోన్ చేస్తే "సేల్స్ కోసం 1 నొక్కండి" అని వినిపిస్తే ఎట్లా?

జవాబు (కరీంనగర్):
అన్న చెప్పిందానికి తోడు ఇంకొకటి. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు వీపీఎన్‌లో (ఇంటి కంప్యూటర్‌ను ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపేది) ఉంటే సిస్టమ్‌కు వాళ్లు ఆఫీసులో కూర్చున్నట్టే కనిపించవచ్చు. సాఫ్ట్‌ఫోన్ తెరవగానే అడ్రస్ అడిగి, నిర్ధారించుకునేలా పెట్టండి. మీ టీమ్ కూడా అదే సాఫ్ట్‌ఫోన్‌లో లాగిన్ అవుతుంటే ముందే చెప్పి ఉంచండి: మడికొండలో ఏదైనా జరిగితే సొంత మొబైల్ నుంచి 112 కొట్టాలి, ఆ ల్యాప్‌టాప్ నుంచి కాదు.

టెస్ట్ కోసం 911 కొట్టకండి. చాలా ప్రొవైడర్లకు 933 ఉంటుంది, కొడితే రికార్డులో ఉన్న అడ్రస్ చదివి వినిపిస్తుంది. ఫ్లోర్‌కు ఒక్క ఫోన్ నుంచైనా చేయించండి.

కారీస్ లా అనే ఇంకో అమెరికా చట్టం కూడా చూసుకోండి. 2013లో టెక్సస్ మార్షల్‌లోని మోటెల్ గదిలో కారీ హంట్‌పై దాడి జరుగుతుంటే ఆమె కూతురు 911 కొట్టింది. బయటి లైనుకు ముందు 9 నొక్కాలని ఆ పాపకు తెలియదు, కాల్ వెళ్లలేదు. 2020 ఫిబ్రవరి 16 తర్వాత పెట్టిన సిస్టమ్‌లలో 911 నేరుగా వెళ్లాలి, ఫ్రంట్ డెస్క్ లాంటి చోటికి అలర్ట్ కూడా రావాలి. ఆ అలర్ట్ ఎప్పుడో మానేసినవాళ్ల మెయిల్‌కు పోతోందేమో చూడండి. ఇది నేను చాలాచోట్ల చూశాను.

ప్రశ్న (నర్సంపేట):
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. మాది చిన్న నర్సింగ్ హోమ్. ఈపీఏబీఎక్స్‌లో (లోపలి ఫోన్లన్నిటినీ కలిపే ఎక్స్ఛేంజ్ పెట్టె) బయటికి 0 కొట్టాలి. మాకూ ఇవన్నీ ఉంటాయా?

జవాబు (కాజీపేట):
ఆ చట్టాలు అమెరికావి సార్. కానీ 0 లేకుండానే 112, 108 వెళ్లేలా మీ ఈపీఏబీఎక్స్ అతనితో పెట్టించండి, పెద్ద పనేం కాదు. మీ లైన్లు హన్మకొండ మెయిన్ బ్రాంచి ట్రంక్ (బయటికి వెళ్లే ఉమ్మడి లైను) మీదుగా బయటికి వెళ్తుంటే అవతల కనిపించేది హన్మకొండ నంబరే. అందుకని ప్రతి ఫోన్ పక్కనా ఊరు, వీధి, ఫ్లోర్, దగ్గరి గుర్తు రాసి అంటించండి. మన దగ్గర ఇంటి నంబరు కన్నా "బస్టాండ్ వెనక సందు" అంటేనే అంబులెన్స్ తొందరగా వస్తుంది.

అడిగినవారు (హన్మకొండ):
పోర్టుల లెక్కన పెట్టి 933 చేయించాను. ఐదో ఫ్లోర్ అనే చదివింది. రిసెప్షన్ పక్కనున్న ఒక్క ఫోన్ మాత్రం ఇంకా రెండో ఫ్లోర్ అంటోంది.

జవాబు (కరీంనగర్):
అది పాత అనలాగ్ ఫోన్ అయి ఉంటుంది, దాన్ని కొత్త నెట్‌వర్క్‌కు కలిపే అడాప్టర్ మీద నడుస్తుంది. అలాంటివాటికి అడ్రస్ చేత్తోనే ఎక్కించాలి. లిఫ్ట్‌లో ఫోన్ ఉంటే అదీ ఇదే రకం కావచ్చు, దాన్నీ చూడండి.